గంట విరామం: అడిగేవారికీ, ఇవ్వవలసినవారికీ

(నర్సీపట్నంలో కార్మికులు, దుకాణదారులు, మసీదు కమిటీల సభ్యులు పాల్గొన్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో మాట్లాడవలసిందిగా మమ్మల్ని కోరినవారు విషయాన్ని ఒక్క మాటలో చెప్పారు. దుకాణాల్లో, షెడ్లలో పనిచేసే మన పిల్లలకు జుమా నమాజుకు వెళ్లే వీలు దొరకడం లేదు, దానిపై మాట్లాడండి అన్నారు. ఆ ఫిర్యాదులో నిజముంది. అయితే ఆ ఒక్క గంటను విడిగా తీసి చూస్తే సమస్యలో సగమే కనిపిస్తుంది. ఏ కుర్రవాడికి శుక్రవారం నాడు గంట దొరకదో, వాడికి మిగిలిన రోజుల్లో స్థిమితంగా కూర్చొని అన్నం తినడానికి అరగంట కూడా దొరకదు. వాడి పక్కనే నిలబడి పనిచేసే హిందూ కుర్రవాడికీ, క్రైస్తవ కుర్రవాడికీ అదే గతి. ముగ్గురి ఆకలి వేళా ఒకటే, ముగ్గురి కాళ్ల నొప్పీ ఒకటే.

మేము మూడు దశాబ్దాలకు పైగా ప్రభుత్వ కార్యాలయాల్లో గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి పొందినవారము. చట్టాలు, జీవోలు, సర్క్యులర్లు చదివి వాటి సారాన్ని సామాన్యునికి అర్థమయ్యేలా చెప్పడమే మాకు తెలిసిన విద్య. కనుక ఆ మార్గంలోనే నాలుగు మాటలు మనవి చేస్తాము. మేము చెప్పదలచినది ముందే చెప్పేస్తాము: నమాజు గంటను ఒక మతానికిచ్చే రాయితీగా అడిగితే అది ఇచ్చేవారి దయ మీద నిలుస్తుంది. పనిచేసే ప్రతి మనిషికీ చెందిన విశ్రాంతి హక్కులో భాగంగా అడిగితే అది న్యాయం మీద నిలుస్తుంది. ఆ విశ్రాంతిని మన చేతి కింద పనిచేసేవారికి మనం ఇస్తున్నప్పుడే మన నోటికి అడిగే బలం వస్తుంది.

విరామం ఎలా వచ్చింది

పని మధ్యలో విరామమనేది ఏ ప్రభువూ తనంతట తాను ప్రసాదించినది కాదు. మన దేశంలో మొదటి ఫ్యాక్టరీల చట్టం 1881లో వచ్చింది. అది ఏడు నుండి పన్నెండేళ్ల పిల్లల చేత రోజుకు తొమ్మిది గంటలకు మించి పని చేయించరాదనీ, వారికి రోజుకొక గంట విరామం, నెలకు నాలుగు సెలవులు ఇవ్వాలనీ చెప్పింది. పెద్దవారి ఊసు అందులో లేదు. 1884లో బొంబాయి మిల్లు కార్మికులు నారాయణ్ మేఘాజీ లోఖండే నాయకత్వంలో సమావేశమై వేలాది సంతకాలతో వినతిపత్రం సమర్పించారు. వారు కోరినవేమిటి? వారానికొక రోజు సెలవు, మధ్యాహ్నం అరగంట విరామం, జీతం సకాలంలో చెల్లింపు. ఆ రోజు మిల్లులలో పనిచేసేవాడికి అరగంట కూర్చోవడం కూడా కోరి తెచ్చుకోవలసిన వస్తువే. ఆరేళ్ల పోరాటం తరువాత 1890 జూన్‌లో బొంబాయి మిల్లు యజమానులు ఆదివారం సెలవుకు ఒప్పుకున్నారు. ఈనాడు దేశమంతా అనుభవిస్తున్న ఆదివారం వెనుక ఆ పేరులేని సంతకాలున్నాయి.

తరువాత 1921లో అంతర్జాతీయ కార్మిక సంస్థ వారాంతపు విశ్రాంతి ఒడంబడికను ఆమోదించింది. ప్రతి ఏడు రోజులలో వరుసగా ఇరవై నాలుగు గంటల విశ్రాంతి ఉండాలనీ, వీలైనంతవరకు ఆ విశ్రాంతి ఆ దేశపు లేదా ఆ ప్రాంతపు సంప్రదాయం ప్రకారం పాటించే దినాన వచ్చేలా చూడాలనీ దాని సారం. మన దేశం 1923లోనే దానిని ధ్రువీకరించింది. విశ్రాంతిని నిర్ణయించేటప్పుడు మనిషి విశ్వాసాన్నీ, ఆచారాన్నీ లెక్కలోకి తీసుకోవాలనే మాట మనం కొత్తగా కనిపెట్టినది కాదని గ్రహించాలి. శతాబ్దం క్రితమే ప్రపంచ దేశాలు కూర్చొని రాసుకున్న మాట అది. 1946లో డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కార్మిక శాఖ బాధ్యతలు వహిస్తున్న కాలంలో ఫ్యాక్టరీలలో వారానికి 54 గంటల పనిని 48 గంటలకు తగ్గించే సవరణ వచ్చింది. ఆ 48 అన్న అంకె నేటికీ మన చట్టాలలో నిలిచి ఉన్నది.

ఇంత దూరం పోనక్కరలేదు. మన నర్సీపట్నం నుండి చింతపల్లి వైపు కొండలెక్కే దారినే తలచుకోండి. వంద సంవత్సరాల క్రితం ఈ ఏజెన్సీలో రోడ్ల నిర్మాణానికి గూడెం డిప్యూటీ తహసీల్దారుగా ఉన్న బాస్టియన్ గిరిజనుల చేత వెట్టిచాకిరీ చేయించాడు. ఇవ్వవలసిన కూలి ఇవ్వలేదు. అడిగినవారిని హింసించాడు. ఆ కడుపుమంట మన్యంలో రగిలిన పోరాటానికి ఒక ముఖ్య కారణమైంది. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు అనుచరులతో చింతపల్లి పోలీసు స్టేషనుపై దాడి చేశారు. గాం గంటందొర, గాం మల్లుదొర వంటి వీరులు ఆయన వెంట నడిచారు. కృష్ణదేవిపేటలోని ఆయన సమాధిని మనలో చాలామంది దర్శించినవారమే. ఆ సమాధి మనకు స్వాతంత్ర్యాన్ని గురించి చెబుతుంది. దానితోపాటు, మనిషి శ్రమను కూలి లేకుండా, ఊపిరి తీసుకోనివ్వకుండా పిండుకుంటే ఏమవుతుందో కూడా చెబుతుంది. మన ప్రాంతపు చరిత్రలో కూలి న్యాయమూ, ఆత్మగౌరవమూ ఒకే దారిలో నడిచాయి.

చట్టం ఏమంటున్నది

రాజ్యాంగం 42వ అధికరణం న్యాయమైన, మానవోచితమైన పని పరిస్థితులను కల్పించడం ప్రభుత్వ బాధ్యత అన్నది. 43వ అధికరణం కార్మికునికి తీరికనూ, సాంఘిక సాంస్కృతిక అవకాశాలనూ కల్పించే పని పరిస్థితులను లక్ష్యంగా పెట్టింది. ఇవి ఆదేశిక సూత్రాలు. వీటిని ఆచరణలో పెట్టడానికి వేరువేరు చట్టాలు వచ్చాయి.

1948 ఫ్యాక్టరీల చట్టం ఐదు గంటలకు మించి ఎడతెగకుండా పని చేయించరాదనీ, ఆలోగా కనీసం అరగంట విరామం ఇవ్వాలనీ నిర్దేశించింది. పని, విరామం కలుపుకొని రోజులో పదిన్నర గంటలకు మించరాదన్నది. నిలబడి పనిచేసేవారికి కూర్చునే ఏర్పాటు ఉండాలన్నది. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం డ్రైవర్లకు, కండక్టర్లకు, క్లీనర్లకు అదే విధంగా ఐదు గంటల తరువాత అరగంట విరామం చెప్పింది. దుకాణాలకు, హోటళ్లకు మన రాష్ట్రంలో 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టమున్నది. రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48 గంటలు, పని మధ్యలో గంట విరామం, వారానికొక రోజు సెలవు అందులోని మూల సూత్రాలు.

ఈ మూల సూత్రాలు ఇటీవల సడలుతున్నాయి. 2025 జూన్‌లో రాష్ట్ర మంత్రివర్గం రోజువారీ పని గంటల పరిమితిని పదికి పెంచడానికీ, విరామం లేకుండా పని చేయించే వ్యవధిని ఐదు గంటల నుండి ఆరుకు పెంచడానికీ ఆమోదం తెలిపింది. కార్మిక సంఘాలు నిరసన తెలిపినా ఆ సెప్టెంబరులో శాసనసభ సవరణ బిల్లులను ఆమోదించింది. వారానికి 48 గంటల పరిమితి అలాగే ఉన్నదని ప్రభుత్వం అంటున్నది. కానీ కాగితంపై ఐదు ఆరైతే, షెడ్డులో ఆరు ఎనిమిదవుతుందని పనిచేసేవాడికి తెలుసు. మరి రెండు నెలలకే, 2025 నవంబరు 21 నుండి, కేంద్రం నాలుగు లేబర్ కోడ్లను అమలులోకి తెచ్చింది. ఫ్యాక్టరీల చట్టమూ, మోటారు రవాణా చట్టమూ వృత్తి భద్రత కోడ్‌లో కలిసిపోయాయి. రోజుకు ఎనిమిది గంటలు, వారానికొక రోజు విశ్రాంతి అన్న మాట ఆ కోడ్‌లోనూ ఉన్నది. అయితే అది సామాన్యంగా పదిమందికి తక్కువ కాకుండా పనిచేసే సంస్థలకే వర్తిస్తుంది.

అబీద్ సెంటర్ నుండి పెదబొడ్డేపల్లి వరకు నడుచుకుంటూ వెళ్లండి. మెకానిక్ షెడ్లు, పంక్చరు దుకాణాలు, వెల్డింగ్ షాపులు, దర్జీ దుకాణాలు, బేకరీలు, మాంసం దుకాణాలు కనిపిస్తాయి. వీటిలో పదిమంది పనిచేసేవి ఎన్ని? ఒక మేస్త్రీ, ఇద్దరు హెల్పర్లు, అంతే. అంటే చట్టం ఎంత చక్కగా రాసినా మన బస్తీలోని పనివాడి గడప దాకా అది నడిచి రాదు. పెద్ద బట్టల దుకాణాలకూ, అచ్యుతాపురం, పరవాడ పరిశ్రమలకూ వెళ్లేవారికి చట్టం కొంత తోడుంటుంది. నలుగురు పనిచేసే చోట యజమాని మనస్సాక్షి, బస్తీ పెద్దల మాట, కార్మికుల ఐక్యత, ఈ మూడే చట్టాలు.

మన స్థానం ఎక్కడ

2006లో సచార్ కమిటీ నివేదిక మన వాళ్లు ఎక్కువగా ఏ పనుల్లో ఉన్నారో లెక్కలతో చూపింది. ముస్లిం శ్రామికులలో 61 శాతం మంది స్వయం ఉపాధిలో ఉన్నారు, హిందువులలో ఆ సంఖ్య 55 శాతం. పనిచేసే ముస్లిం మహిళలలో 70 శాతం మంది ఇంట్లోనే ఉండి పనిచేస్తున్నారు. మొత్తం మహిళా శ్రామికులలో ఆ వాటా 51 శాతమే. జీతం, సెలవు, విరామం, పెన్షను ఉండే ఉద్యోగాలలో మన వాటా తక్కువ. గంట లెక్క లేని పనులలో మన వాటా ఎక్కువ.

ఇంట్లో కూర్చొని చీరలకు ఫాల్స్ కుట్టే, జాకెట్లకు కాజాలు తీసే మన ఆడబిడ్డకు విరామం ఎవరిస్తారు? ఆమెకు యజమాని కనిపించడు. మధ్యవర్తి బట్ట తెచ్చి పడేసి, ఇన్నింటికి ఇంత అని చెప్పి వెళ్తాడు. ఫజర్ తరువాత వంట, పిల్లల బడి, ఆపైన మిషను, మళ్లీ వంట, మళ్లీ మిషను. ఇంట్లో ఉన్నది కదా, తీరికగానే ఉన్నదనుకుంటాము. విశ్రాంతి గురించి మాట్లాడే ఈ సభలో పరదా వెనుక ఉన్న వారి పేరు ముందుగా రావాలి. ముక్కకు ఇచ్చే రేటు పెరిగితేనే ఆమె గంట తగ్గుతుంది. వీధిలో పదిమంది కలిసి ఒకే రేటు చెబితే తప్ప మధ్యవర్తి వినడు.

విరామంలో కూడా అంతస్తులున్నాయని మేము ఉద్యోగంలో ఉండగా గమనించాము. మేము పనిచేసిన ఒక కార్యాలయంలో భోజన విరామం గడియారం ప్రకారం సాగేది. అధికారులకు గది, గుమాస్తాలకు బల్ల. దినసరి వేతనంపై ఊడ్చే తల్లి మాత్రం మెట్ల కింద కూర్చొని డబ్బా విప్పుకొనేది. బెల్లు మోగితే సగంలో లేచేది. ఒకే కప్పు కింద, ఒకే ప్రభుత్వం నీడన, ఒకరి మధ్యాహ్నం గంట, మరొకరి మధ్యాహ్నం పది నిమిషాలు. అన్యాయం అనేది చాలాసార్లు ఇలా చిన్న కొలతల్లోనే ఉంటుంది.

కూర్చునే హక్కు గురించి పొరుగు రాష్ట్రాల స్త్రీలు చూపిన దారి మనకు పాఠం. కేరళలోని కోజికోడ్‌లో బట్టల దుకాణాలలో పనిచేసే మహిళలకు మరుగుదొడ్డి ఉండేది కాదు, గిరాకీ లేనప్పుడు కూడా కూర్చోనిచ్చేవారు కాదు. పి. విజి అనే దర్జీ మహిళ ముందు నిలిచి ఆ స్త్రీలను సంఘటితం చేశారు. ఏళ్ల తరబడి సాగిన ఆ ఉద్యమ ఫలితంగా 2018లో కేరళ తన దుకాణాల చట్టాన్ని సవరించి పని వేళలో కూర్చునే హక్కు కల్పించింది. 2021లో తమిళనాడు అదే బాట పట్టింది. ఒక స్టూలు కోసం చట్టమా అని నవ్వినవారున్నారు. పది గంటలు నిలబడి కాళ్లు వాచినవారు నవ్వలేదు.

శుక్రవారపు గంట

ఇక జుమా విషయానికి వద్దాము. దివ్యఖుర్‌ఆన్ శుక్రవారం పిలుపు వినిపించినప్పుడు క్రయవిక్రయాలు ఆపి దైవస్మరణకు రమ్మన్నది. నమాజు ముగిసిన తరువాత భూమిపై విస్తరించి ఆయన అనుగ్రహాన్ని అన్వేషించమని కూడా అన్నది. అంటే మన శుక్రవారం రోజంతా పని మానేసే దినం కాదు. పని, ప్రార్థన, మళ్లీ పని అనే క్రమం అందులోనే ఉన్నది. ఖుత్బా, నమాజు కలిపి ముప్పావు గంటకు మించదు. దుకాణాలలో చట్టమే గంట విరామం చెబుతున్నప్పుడు, ఆ గంటను శుక్రవారం నాడు జుమా వేళకు జరిపి ఇమ్మని అడిగితే యజమానికి కలిగే నష్టం ఏమిటి? అదనపు గంట అడగడం లేదు. ఉన్న గంటను జరపమంటున్నాము. ఈ లెక్కను మర్యాదగా వివరిస్తే కాదనే యజమానులు తక్కువని మా అనుభవం.

రాయితీకీ హక్కుకూ తేడా గమనించండి. రంజాన్ మాసంలో ముస్లిం ప్రభుత్వోద్యోగులు సాయంత్రం ఒక గంట ముందుగా వెళ్లడానికి మన రాష్ట్రమూ, తెలంగాణా అనుమతిస్తూ ఉత్తర్వులిస్తున్నాయి. 2025లోనూ ఇచ్చాయి. సంతోషించవలసినదే. అయితే అది ఏటేటా వెలువడే ఉత్తర్వు, అది కూడా ప్రభుత్వ విభాగాల వరకే. బట్టల దుకాణంలో ఇఫ్తార్ వేళకు గిరాకీ మధ్య నిలబడి ఖర్జూరపు పండు నోట వేసుకొనే కుర్రవాడికి ఆ జీవో వర్తించదు. అసోం శాసనసభలో 1937 నుండి శుక్రవారం నాడు రెండు గంటల విరామముండేది. 2024 ఆగస్టులో దానిని రద్దు చేశారు. ఉత్తర్వుతో వచ్చినది ఉత్తర్వుతోనే పోతుంది. అందరి విశ్రాంతిలో భాగమైనదాన్ని తీసివేయాలంటే అందరికీ జవాబు చెప్పవలసి వస్తుంది.

బయటి ప్రపంచంలోనూ ఈ వివాదాలు ఉన్నాయి. అమెరికాలోని కొలరాడో రాష్ట్రం, ఫోర్ట్ మోర్గాన్ పట్టణంలో కార్గిల్ సంస్థకు మాంసం కర్మాగారమున్నది. 2015 డిసెంబరులో నమాజు విరామాల విషయంలో తలెత్తిన వివాదంలో సుమారు 150 మంది సోమాలీ ముస్లిం కార్మికులు పని మానివేశారు. సంస్థ వారిని తొలగించింది. వారు సమాన ఉపాధి అవకాశాల కమిషన్‌ను ఆశ్రయించారు. 2018లో సంస్థ తప్పు ఒప్పుకోకుండానే 15 లక్షల డాలర్లు చెల్లించడానికి రాజీకి వచ్చింది. వారి పక్షాన నిలవవలసిన కార్మిక సంఘం కూడా పరిహారం చెల్లించవలసి వచ్చింది. ఈ చివరి మాట మనకు ముఖ్యం. అల్పసంఖ్యాక కార్మికుని మాటను సంఘం వినకపోతే సంఘం కూడా దోషే. అలాగే మనం సంఘంలో చేరకపోతే మన మాట వినిపించే నోరే ఉండదు.

2023 జూన్‌లో అదే దేశపు సుప్రీంకోర్టు గెరాల్డ్ గ్రోఫ్ అనే తపాలా ఉద్యోగి కేసులో ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ఆయన క్రైస్తవుడు. ఆదివారం పని చేయలేనన్నాడు. స్వల్పమైన ఇబ్బంది చూపించి ఉద్యోగి మతాచరణను నిరాకరించడం చెల్లదనీ, వ్యాపారానికి గణనీయమైన భారం కలుగుతుందని యజమాని చూపించాలనీ కోర్టు అన్నది. ఒక క్రైస్తవుని ఆదివారం కోసం వచ్చిన ఆ తీర్పు అక్కడి ముస్లిం శుక్రవారానికీ, యూదుల శనివారానికీ అండ అయింది. ఒకరి హక్కు అందరికీ నీడనిచ్చే విధానమిదే.

మన ఊరిలో ఈ న్యాయాన్ని ఎలా పాటించాలి? మనం జుమాకు వెళ్లిన ఆ ముప్పావు గంట గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవాడు ఎవరు? మన తోటి పనివాడు అప్పారావో, జాన్సనో. అతనికి అనకాపల్లి నూకాలమ్మ జాతర వచ్చినప్పుడు, సంక్రాంతికి ఊరు వెళ్లవలసినప్పుడు, ఆదివారం చర్చికి పోవలసినప్పుడు ఆ స్థానంలో నిలబడవలసినది మనం. ఇది అలిఖిత ఒప్పందంగా ఉంటే చాలదు. ముందే మాట్లాడుకొని క్యాలెండరుపై గుర్తు పెట్టుకోవాలి. జుమా ముగిసిన తరువాత వీధి మలుపులో కబుర్లతో మరో అరగంట గడిపి దుకాణానికి వెళ్లేవాడు తన హక్కును మాత్రమే కాదు, రేపు అడగబోయే వేరొకని హక్కును కూడా పాడుచేస్తున్నాడని మన పిల్లలకు గట్టిగా చెప్పాలి.

మన చేతి కింద ఉన్నవారు

ఇంతవరకు అడిగేవారి పక్షాన మాట్లాడాము. ఈ సభలో ఇవ్వవలసినవారూ ఉన్నారు. మన వారికి షెడ్లున్నాయి, హోటళ్లున్నాయి, దుకాణాలున్నాయి. దైవప్రవక్త (స) మన చేతి కింద పనిచేసేవారు మన సోదరులనీ, మనం తినేదే వారికి పెట్టాలనీ, శక్తికి మించిన భారం మోపరాదనీ, మోపితే మనం కూడా చేయి వేయాలనీ బోధించారు. చెమట ఆరకముందే కూలి చెల్లించాలన్న బోధ మనకు కంఠస్థం. చెమట ఆరడానికి నీడ కూడా ఇవ్వాలి కదా! రంజాన్‌లో తెల్లవారుజాము దాకా నడిచే హోటళ్లలో గిన్నెలు కడిగే కుర్రవాడు ఎన్ని గంటలు నిలబడ్డాడో లెక్క చూశామా? యజమాని తరావీహ్‌లో నిలబడి ఉండగా పనివాడు పొయ్యి దగ్గర నిలబడి ఉంటే, వాడి నిలబడటానికి కూడా హిసాబు ఉంటుంది.

అంతకంటె దగ్గరి మాట ఒకటున్నది. చెప్పక తప్పదు. మన మసీదులో మౌజన్ సాహెబ్ ఉన్నారు. ఫజర్ అజాన్ చీకటితో, ఇషా జమాత్ రాత్రితో. మొదటి అజాన్ నుండి చివరి నమాజు వరకు లెక్కవేస్తే రోజుకు పదహారు గంటలు ఆయన మసీదుకు కట్టుబడి ఉన్నట్టే. మధ్యలో వుజూ ఖానా కడగడం, చాపలు దులపడం, మోటారు వేయడం. ఫ్యాక్టరీల చట్టం పని, విరామం కలిపి పదిన్నర గంటలే అన్నది. ఆయనకు ఆదివారం లేదు, పండుగ లేదు. పండుగ నాడే పని ఎక్కువ. కూతురి పెళ్లి మాటలకు పక్క ఊరు వెళ్లాలన్నా సదర్ సాహెబ్ అనుమతి, బదులు మనిషిని వెతుక్కునే పని ఆయనదే. ఇమామ్ సాహెబ్ స్థితీ దానికి దగ్గరే. 1993లో సుప్రీంకోర్టు ఇమాముల వేతనాలకు పథకం రూపొందించాలని ఆదేశించింది. మన రాష్ట్రం ఇమాముకు నెలకు 10,000, మౌజన్‌కు 5,000 రూపాయల గౌరవ వేతనం ప్రకటించింది. వేతనం గురించి ఇంత చర్చ జరిగింది. విశ్రాంతి గురించి జరగలేదు. అది ఇవ్వడానికి కోర్టు అక్కరలేదు, ప్రభుత్వం అక్కరలేదు. కమిటీ ఒక తీర్మానం రాసి, వారానికొక రోజు బదులు బాధ్యత తీసుకోగల ఇద్దరు యువకులను నియమిస్తే చాలు. అజాన్ నేర్చిన పిల్లలు ప్రతి మొహల్లాలో ఉన్నారు.

సేవ కదా, సేవకు సెలవెందుకు అనేవారికి మా మనవి ఒక్కటే. సేవ చేసేవాడు తనకు తాను చెప్పుకొనే మాట అది. చేయించుకొనేవాడు వాడవలసిన మాట కాదు. మన మసీదులో మౌజన్‌కు వారానికొక రోజు విశ్రాంతినిచ్చి, ఆ మాట చెబుతూ బట్టల దుకాణం యజమాని వద్దకు వెళ్లి జుమా గంట అడగండి. ఆయన మనల్ని చూసే చూపు వేరుగా ఉంటుంది.

చేయదగిన పనులు

ఉపన్యాసం విని ఇంటికి వెళ్లడం కన్నా నాలుగు పనులు ఎంచుకొని వెళ్లడం మేలు. మొదటిది, మన పట్టణంలోని మసీదు కమిటీలన్నీ కూర్చొని జుమా వేళలను అంచెలంచెలుగా నిర్ణయించాలి. ఒక మసీదులో ఒంటిగంటకు, మరొకదానిలో ఒంటిగంటా నలభై అయిదుకు జమాత్ ఉంటే, ఒకే షెడ్డులో పనిచేసే ఇద్దరు వంతులవారీగా వెళ్లి రాగలరు. షెడ్డు మూయనవసరం లేదు. రెండవది, పనిలో చేరేటప్పుడే జుమా మాట, భోజన విరామం మాట, వారపు సెలవు మాట స్పష్టంగా చెప్పుకోవాలి. చేరిన ఆరు నెలలకు అడిగితే అది గొడవ, చేరే రోజున అడిగితే అది షరతు. ఎంత చిన్న కొలువైనా ఒక కాగితం మీద రాసుకోవడం మంచిది.

మూడవది, మన వ్యాపారులందరూ తమ దుకాణంలో పనివారికి ఒక స్టూలు, తాగునీరు, భోజనానికి పూర్తి విరామం, వారానికొక రోజు సెలవు ఇస్తామని మసీదులో అందరి ముందు మాట ఇవ్వాలి. స్త్రీలు పనిచేసే చోట మరుగుదొడ్డి తప్పనిసరి. పద్నాలుగేళ్లు నిండని పిల్లవాడిని పనిలో పెట్టుకోవడం నేరమని వేరే చెప్పనక్కరలేదు. వాడికి కావలసినది విరామం కాదు, బడి. నాలుగవది, హక్కు నిరాకరించిన చోట మొదట యజమానితో మర్యాదగా మాట, తరువాత పెద్దల మధ్యవర్తిత్వం, అప్పటికీ వినకపోతే కార్మిక శాఖ సహాయ అధికారికి లిఖితపూర్వక ఫిర్యాదు. చట్టాలూ, మినహాయింపులూ మారుతున్న కాలమిది గనుక, ఏ దుకాణానికి ఏ నియమం వర్తిస్తుందో ఆ కార్యాలయంలోనే అడిగి తెలుసుకోవాలి. అర్జీ రాయడం రానివారికి రాసిపెట్టడానికి మావంటి విశ్రాంత ఉద్యోగులు ప్రతి ఊరిలో ఉన్నారు. మా కలాలకు ఇంకా సిరా ఉన్నది, ఉపయోగించుకోండి. అర్జీలో ముస్లిం కుర్రవాడి పేరు పక్కన అదే షెడ్డులోని హిందూ, క్రైస్తవ పనివారి పేర్లు కూడా ఉంటే ఆ కాగితం బరువు పెరుగుతుంది.

సోదర సోదరీమణులారా! 1884లో బొంబాయి కార్మికులు అరగంట అడిగారు. మన పిల్లలు ఈనాడు ముప్పావు గంట అడుగుతున్నారు. కాలం ఎంత మారినా కోరిక ఎంత చిన్నదో చూడండి. ఆ చిన్న కోరికను గౌరవంతో అడిగేవారు, గౌరవంతో ఇచ్చేవారు ఈ సభలోనే ఉన్నారు. వచ్చే శుక్రవారం లోగా మసీదు కమిటీలు జుమా వేళల గురించి ఒకసారి కూర్చోవాలనీ, ఆ సమావేశంలోనే మౌజన్ సాహెబ్ వారపు సెలవు తీర్మానం కూడా రాయాలనీ కోరుతున్నాము. అల్లాహ్ మన శ్రమలో బర్కత్‌ను, మన విశ్రాంతిలో శాంతిని ప్రసాదించుగాక! ఆమీన్.